తుఫాన్ ఇంజన్ పెట్టిన అంబాసిడర్

పోయిన వారం సుభాషిణిని మనం హన్మకొండలో, ఆమె ఇంటి వాకిట్లో, బానెట్ లేపిన అంబాసిడర్ ముందు వదిలి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. చేతిలో మసిబారిన గుడ్డ ముడి ఒకటి పట్టుకుని, దాన్నే చూస్తూ నిలబడి ఉంది.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం రెండు మాటలు. ఆ తెల్ల అంబాసిడర్ సుభాషిణి నాయన వీరేశం సేటుది. వరంగల్ చౌరస్తాలో బట్టల దుకాణం జోరుగా నడిచిన రోజుల్లో ముచ్చటపడి కొన్నాడు. ఆయన పోయాక బండి షెడ్డులో మూలన పడింది. ఆరు నెలల కింద సుభాషిణి భర్త హరీష్ దాన్ని బయటికి లాగించి, పాత పెట్రోలు ఇంజన్ పీకించి, దాని జాగాలో డీజిల్ ఇంజన్ పెట్టించి, నీ పుట్టినరోజుకు నా కానుక అన్నాడు. ఇంజన్ ఎక్కడిది అంటే హైదరాబాదులో కొన్నానన్నాడు. ఈ ఆదివారం పొద్దున ఏదో మాడు వాసన వస్తోందని సుభాషిణి బానెట్ లేపింది. ఇంజన్‌కు గొలుసు వేసి లేపడానికి తల మీద ఒక కొక్కెం ఉంటుంది. ఆ కొక్కేనికి ఈ గుడ్డ ముడి కట్టి ఉంది.

విప్పితే మడత లోపల ఎరుపు ఇంకా ఎరుపుగానే ఉంది. ఆకుపచ్చ అంచు అలాగే ఉంది. నడుమ ఒక పసుపు కొమ్ము. పోయిన జాతరకు మేడారం పోయినప్పుడు, అమ్మవారి గద్దెల దగ్గర నుంచి తెచ్చిన పసుపు కొమ్మును తన రవికగుడ్డ చించి చుట్టి, ఆమె తన చేతులతో కట్టిన ముడుపు అది. కట్టింది ఈ బండికి కాదు. పరకాలలో పత్తి బేరానికి హరీష్ తిప్పుకునే తుఫాన్ జీపు బండికి.

ఆ తుఫాన్‌ను ఏడాది కిందనే కేసముద్రంలో అమ్మేశానని చెప్పాడు కదా ఈ పెద్దమనిషి. ఇక్కడిదాకా పోయిన వారం కథ.

నిజం చెప్పాలంటే ఆ కొత్త ఇంజన్ వచ్చిన నాటి నుంచీ సుభాషిణికి ఆ బండంటే రోత. నాయన నడిపినప్పుడు దాన్ని స్టార్ట్ చేసినట్టు పక్కింటివాళ్ళకు కూడా తెలిసేది కాదు. ఇప్పుడు తాళం తిప్పితే కిటికీ అద్దాలు గజగజలాడతాయి. సీట్లో కూర్చుంటే పళ్ళు టకటకమంటాయి. స్టీరింగ్ పక్కన ఉండే గేరు రాడ్డు తీసేసి, కొత్త గేరుబాక్సు కోసం కింది రేకుకు బొక్క కోశారు. పెద్ద ఇంజన్ పట్టలేదని లోపలి రేకును సుత్తితో కొట్టి వంచారు. రేడియేటర్ ముందుకు జరిగింది. ఎక్కడ చూసినా వెల్డింగ్ అతుకులు. ఇంట్లో పరదాలకు, ఉతికి ఆరేసిన బట్టలకు, ఆఖరికి దేవుడి గూట్లోని పూలకు కూడా డీజిల్ కంపు. నాయన ఇంజన్ ఏదని అడిగితే, తుక్కుకు వేశాను, ఇగ దేనికి పనికొస్తది అన్నాడు. ఆ మాట విన్న నాడు ఆమెకు ముద్ద దిగలేదు. అయినా కానుక అన్నాడు కదా, మొగుడు ఇష్టంగా చేయించాడు కదా అని నోరు మూసుకుంది. నోరు మూసుకోవడం మన ఆడవాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు.

కానీ ఇప్పుడు ఆమె ఒళ్ళు చల్లబడింది ఆ కంపుకు కాదు. ఇంకో సంగతికి.

ఏడాది కింద, పత్తి ఏరే రోజుల్లో, పరకాల రోడ్డు మీద మసక వేళ సందీప్ అనే పిల్లవాణ్ణి ఒక బండి గుద్ది ఆగకుండా పోయింది. తల్లికి మోకాళ్ళ మందులు తీసుకుని స్కూటీ మీద వస్తున్నాడు. దూరం నుంచి చూసినవాళ్ళు తుఫాన్ బండి అన్నారు. నంబరు ఎవరూ చూడలేదు. ఆ బండి ఈనాటికీ దొరకలేదు. ఆ సందీప్ మెకానిక్ దానియేలు కొడుకు. వీరేశం సేటు బతికున్ననాటి నుంచీ ఈ అంబాసిడర్‌ను సొంత బండిలా చూసుకున్న దానియేలు. ఈ తుఫాన్ ఇంజన్‌ను ఈ బండిలో తన చేతులతో బిగించింది కూడా ఆ దానియేలే.

సుభాషిణి వాకిట్లో కుళాయి దగ్గరికి పోయి పొద్దున తాగిన చాయ్ అంతా కక్కింది. నోరు పుక్కిలించి, చేతులు సబ్బుతో తోమింది. వాసన పోలేదు. సర్ఫ్ వేసి మళ్ళీ తోమింది. తోమినకొద్దీ ఆ నూనె జిడ్డు గోళ్ళ సందుల్లోకి పోతున్నదే తప్ప వదలడం లేదు.

తప్పుగా అనుకుంటున్నానేమో, దేవుడా, నా అనుమానమే తప్పు కావాలి అనుకుంది. తేల్చుకోవడానికి ఎక్కువ సమయం కూడా లేదు. ఇంకాసేపట్లో దానియేలు, భార్య రత్నమ్మ పక్క వీధి నుంచి ఇక్కడికి వస్తారు. ఇవాళ చర్చిలో సందీప్ ఏడాది జ్ఞాపకార్థ కూడిక. రత్నమ్మ మోకాళ్ళు పనిచేయవు, ఆటో ఎక్కలేదు. మన అంబాసిడర్ ఉన్నది గద అన్నా, వదినెను మంచిగ కూసోబెట్టుకొని తీస్కపో అని హరీషే పెద్ద మనసు చేశాడు. అనుమానం నిజమైతే, కొడుకును చంపిన ఇంజన్ లాగుతుంటే ఆ తల్లి వెనక సీట్లో కూర్చుని కొడుకు ప్రార్థనకు పోవాలి.

ఆమె చేతులు తుడుచుకుని లోపలికి పోయింది.

హరీష్ టేబుల్ దగ్గర సర్వపిండి తింటున్నాడు. మనిషి తెల్లగా, పొంకంగా, కూడికకు పోవడానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. పల్లీ పలుకు పంటికింద పడితే కళ్ళు మూసుకుని నములుతున్నాడు.

"తుఫాన్‌ను కేసముద్రంల ఎవలకు అమ్మిండ్రు?" అంది సుభాషిణి.

"ఇప్పుడెందుకది? పత్తి మార్కెట్ల ఆడ్తి దుకాణపాయనకు."

"నడిచే బండేనా? ఇంజన్‌తోనే అమ్మిండ్రా?"

"ఇంజన్ లేని బండి ఎవడు కొంటడే? పొద్దుగాల్నే ఏమైంది నీకు? ఇంకో ముక్క ఎయ్యి, కరకర మంచిగున్నది."

ఆమె ముక్క వేయలేదు. ముడుపును తెచ్చి కంచం పక్కన పెట్టింది.

"మరి ఇది అంబాసిడర్‌ల ఎట్లున్నది?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత ఊరికే పుట్టలేదు. ఇదేంటిది అని అడగలేదు హరీష్. ఎక్కడిది అని అడగలేదు. నమలడం ఆపి, "దాన్నెందుకు విప్పినవ్?" అన్నాడు.

అని ఊరుకున్నాడా? లేచి కుళాయి దగ్గరికి పోయి ఎంగిలి చేయి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని వచ్చి, ముడుపును రెండు చేతులా తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. అమ్మవారి ముడుపును ఎంగిలి చేత్తో ముట్టకూడదట. అంత మడి మనిషి.

సుభాషిణి ఆ చేతులనే చూస్తోంది. ఇన్నేళ్ళు తన పక్కన ఉన్న చేతులు. చూడలేక ముఖం తిప్పుకుంది.

"తుఫాన్‌ను అమ్మలే గద మీరు."

"అమ్మిన. రేకులు, టైర్లు, సీట్లు యాడికాడికి ఇడదీసి అమ్మిన."

"ఎందుకు ఇడదీయాల్సొచ్చింది?"

హరీష్ విప్పిన ముడుపును మళ్ళీ ముడి వేయసాగాడు.

"సందీప్‌ను గుద్దింది మన బండేనా?"

"నేనేమన్న కావాల్నని గుద్దిన్నా?"

అదీ ఆ నోటి నుంచి వచ్చిన మొదటి మాట. అవునని కాదు, కాదని కాదు. చచ్చిపోయిన పిల్లవాడి పేరు కూడా లేదు అందులో. నేను, కావాల్నని. అంతే.

తరువాత మాటలు వరదలా వచ్చాయి. మసక పడ్డదట. ఎదురుగా పత్తి ట్రాక్టర్ లైట్లు కళ్ళలో కొట్టాయట. పిలగాడు ఎటు నుంచి వచ్చాడో వచ్చాడట. స్కూటీకి వెనక లైటు లేదట. రోడ్డు మీద గుంతలు పూడ్చని వాళ్ళను అనాలట. తను బ్రేకు మీద నిలబడ్డాడట, నిలబడ్డా బండి ఆగలేదట. ట్రాక్టర్‌ది తప్పు, రోడ్డుది తప్పు, స్కూటీది తప్పు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అందరిదీ తప్పే, ఒక్క హరీష్ సేటుది తప్ప.

"దిగి చూసిండ్రా?" అంది సుభాషిణి.

"దిగితే జనం సంపుదురు. నీకు తెల్వదా మనోళ్ళ సంగతి."

"బతికి ఉన్నడో లేడో కూడ చూల్లే."

"చూస్తే ఏమొస్తది? దవాఖానకు తీస్కపోతే మాత్రం బతుకుతుండెనా?"

"అది నీకెట్ల తెల్సు?"

పెళ్ళైన నాటి నుంచి ఆమె అతణ్ణి మీరు అనే పిలిచింది. ఇప్పుడు నువ్వు అన్నది. ఆమె గమనించలేదు గానీ అతను గమనించాడు. కనుబొమలు ముడిచాడు. ఇంత ఘోరం బయటపడ్డ పూట కూడా ఆ మనిషికి ఆ ఒక్క మాట గుచ్చుకుంది చూశారా.

"తెల్లారి వాళ్ళింటికి నన్ను నువ్వే తీస్కపోయినవ్," అంది ఆమె. "రత్నమ్మ వదినె నేల మీద పడి గుండెలు గుద్దుకుంటాంటే, నువ్వు దానియేలన్న భుజం మీద చెయ్యేసి నిలబడ్డవ్. ఆ బండి వానిని వదిలిపెట్టొద్దన్నా అని నువ్వే అన్నవ్. నేను ఇన్న."

"మరి ఏమనాలె? నేనే అని చెప్పాల్నా?"

అతను నిజంగానే అడిగాడు. జవాబు తెలియని వాడిలాగే ముఖం పెట్టాడు. సుభాషిణి గోడకు చేయి ఆనించుకుంది.

"అన్నీ ఇడదీసి అమ్మినోనివి, ఇంజన్ ఎందుకు ఉంచుకున్నవ్?"

ఈ ప్రశ్నకు మాత్రం హరీష్ ముఖంలో కాస్త కళ వచ్చింది. తనకు తెలిసిన సంగతి కదా. "ఇంజన్‌కు ఏమైంది? ముందట బంపరు, లైటు, రేడియేటర్, గంతే పోయింది. అప్పటికి కొత్త బోరు చేయించి ఏడాది గాలే. చాబీ తిప్పితే గుర్రం తీర్గ ఉరుకుతది. గసోంటి ఇంజన్‌ను తుక్కుల ఎవడన్న ఏస్తడా? ఇంట్ల ఎట్లాగూ ఖాళీ బండి ఉండె."

"మా నాయన ఇంజన్‌ను ఏసినవ్ గద."

"అది వేరే."

అది వేరేనట. బేరాల మనిషి బుద్ధి అంటే అంత. గోనె సంచి చిరిగితే కుట్టించి వాడతాడు, చాయ్‌పత్తా డబ్బా ఖాళీ అయితే మొలలు దాచుకుంటాడు. మంచిదే, సంసారులు చేసే పనే. మనిషిని చంపిన ఇంజన్‌ను కూడా, నడుస్తోంది కదా, పారేయడమెందుకు అని ఇంటికి తెచ్చుకున్నాడు. పెళ్ళాం పుట్టినరోజు కూడా దగ్గరపడింది. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు. పోలీసులు ఏడాదిగా వెతుకుతున్న బండి గుండెకాయ వాళ్ళ వాకిట్లోనే డుబడుబమని కొట్టుకుంటోంది.

"ముడుపన్న తీసి పడేయకపోయినవ్. నేను గుర్తుపడ్తనని తెల్వదా?"

"నువ్వు బానెట్ లేపుతవని నేను కలగన్ననా?" అని గొంతు తగ్గించాడు. "తల్లి ముడుపును తీస్తరా ఎవలన్న? కండ్లు పోతయ్. దానియేలుకు కూడ చెప్పిన, అన్నా, ఏదన్న మార్చు గని ఆ ముడుపును మాత్రం ముట్టకు అని. ఆ తల్లే కాపాడింది మనల. ఏడాదైంది, ఒక్క పోలీసోడు మన గడప తొక్కిండా? ఎవల దయ అది?"

మళ్ళీ ఒకసారి ముడుపును కళ్ళకద్దుకున్నాడు.

సుభాషిణి ఆ ముడుపును అతని చేతుల్లోంచి లాక్కుంది. అతను ఇవ్వడానికి ఇష్టపడలేదు. వేళ్ళు విడదీసి మరీ లాక్కుంది.

"నేను మొక్కింది గది కాదు," అంది. "ఈ బండి కింద ఎవలూ పడొద్దు తల్లీ, ఈ బండి ఎక్కినోళ్ళు, ఎదురొచ్చినోళ్ళు అందరు ఇంటికి చేరాలె అని మొక్కిన. నిన్ను దాచిపెట్టమని మొక్కలే. ఆ తల్లి నిన్ను కాపాడ్తదా? ఎవల్ని సంపినా సరే, నువ్వు కోడిని, బెల్లాన్ని మొక్కుతే మాఫ్ చేస్తదనుకున్నవా?"

"మెల్లగ మాట్లాడు. పక్కింటోళ్ళు ఇంటరు."

"దానియేలన్న చేతనే ఎందుకు బిగించినవ్? ఊర్ల ఇంకో మెకానిక్కే లేడా?"

హరీష్ కాసేపు ఆలోచించాడు. ఏం చెప్పాలా అని కాదు, ఇంత తేలిక సంగతి ఈమెకు ఎందుకు అర్థం కావడం లేదా అని. "ఆయన బిగిస్తే ఎవలకన్న అనుమానం వస్తదా? ఇంకోడైతే ఈ ఇంజన్ ఏడిది, పేపర్లేవి అని నూరు అడుగుతడు. దానియేలు నన్ను ఏమీ అడగడు. అయినా నేను ఆయనకు మంచే చేసిన. కొడుకు పోయినకాన్నుంచి షెడ్డు తెరవకుండ కూసున్నడు. లే అన్నా, పని చేస్తే మనసు కుదుటపడ్తది అని నేనే పోయి లేపిన. ఈ ఇంజన్ పని తోనే మల్ల మనిషైండు. ఆయననే అడుగు, చెప్తడు."

"ఛీ," అంది సుభాషిణి.

తెలుగులో తిట్లకు కొదవ లేదు, ఆమె వాటిలో సగం మామిడికాయల బేరంలోనే వాడిన మనిషి. కానీ ఈ మనిషికి ఏ తిట్టూ చాలదనిపించింది. కొడుకును చంపి, ఆ చంపిన ఇనుమును ఆ తండ్రి చేతనే తుడిపించి, నూనె పోయించి, బోల్టులు బిగింపించి, పైగా ఉపకారం చేశానని చెప్పుకుంటున్నాడు. అడుసు తొక్కి కాలు కడుక్కునేవాడు కొంత నయం. ఇతను అడుసు కాళ్ళతో వాళ్ళింటి మంచమెక్కి కూర్చున్నాడు.

హరీష్ దగ్గరికి వచ్చి ఆమె భుజం మీద చేయి వేయబోయాడు. ఆమె వెనక్కి జరిగింది.

"జర ఆలోచించు సుభా. నేను జైలుకు పోతే ఎవలు బాగుపడ్తరు? సందీప్ లేసొస్తడా? మన బిడ్డ పూజ హైదరాబాద్‌ల చదువుకుంటాంది. కాలేజీల అది తల ఎట్ల ఎత్తుకుంటది? ఫికర్ చేయకు, నేను అంతా ఆలోచించిన. ఇయ్యాల ఒక్క పూట గడవనియ్యి. కూడిక కానియ్యి. రేపే ఆ ఇంజన్ తీపిచ్చి కరిగిపిస్త. నీకెట్లాగూ ఆ చప్పుడు నచ్చదు గద."

అని, పని అయిపోయినట్టు మళ్ళీ కుర్చీలో కూర్చుని, మిగిలిన సర్వపిండి ముక్కను తుంచి నోట్లో వేసుకున్నాడు.

సుభాషిణి చూసింది. ఆ దవడలు ఆడడం, గొంతు గుటక మింగడం, పెదవికి అంటిన నువ్వు గింజను నాలుకతో తీసుకోవడం అంతా చూసింది. ఇతని పక్కన ఒకే మంచం మీద ఏడాది పడుకున్నాను, ఇతని ఎంగిలి కంచంలో తిన్నాను అనుకుంటే చర్మం ఊడదీసుకుని ఉతుక్కోవాలనిపించింది. మరోవైపు పూజ ముఖం కళ్ళముందు మెదిలింది. నాన్నకు బాగాలేదంటేనే వెక్కివెక్కి ఏడ్చే పిల్ల. నోరు తెరిస్తే ఆ పిల్ల బతుకు ఏమవుతుంది? తెరవకపోతే రేపటికి ఆ ఇంజన్ ఉండదు, ఇక ఏ నోరు తెరిచినా ఎవరూ నమ్మరు. సుభాషిణి ముందు ఉన్న గడువల్లా ఇవాళ ఒక్క పూటే.

బయట గేటు చప్పుడైంది. "చెల్లె ఉన్నదా?" అని దానియేలు గొంతు.

హరీష్ ఒక్క క్షణంలో మారిపోయాడు. మూతి తుడుచుకుని, ముఖానికి నవ్వు తగిలించుకుని వాకిట్లోకి నడిచాడు. "రాండ్రి అన్నా, రాండ్రి. వదినె, మెల్లగ, మెట్టున్నది చూసుకో."

సుభాషిణి కూడా బయటికి వచ్చింది. దానియేలు తెల్ల చొక్కా వేసుకున్నాడు, చంకలో బైబిలు. రత్నమ్మ ఒక చేత్తో ఆయన భుజం పట్టుకుని, ఇంకో చేత్తో పటాన్ని గుండెకు హత్తుకుని నడుస్తోంది. పటంలో సందీప్ కొత్త స్కూటీ మీద కూర్చుని నవ్వుతున్నాడు. ఫొటోకు ప్లాస్టిక్ పూలదండ. అతి కష్టం మీద వెనక సీట్లో కూర్చుని, పటాన్ని ఒడిలో పెట్టుకుని, రత్నమ్మ ఊపిరి పీల్చుకుంది.

"నీ పెనిమిటికి దేవుడు నూరేండ్లు ఇయ్యాలె సుభాషిణీ," అంది. "ఆయన వచ్చి లేపకుంటే మా ఆయన మంచం దిగేటోడు కాదు. ప్రతి ప్రార్థనల ఆయన పేరు తల్సుకుంటాన."

"గంత పెద్ద మాటలెందుకు వదినె," అన్నాడు హరీష్, తల వంచుకుని, చాలా అణకువగా.

సుభాషిణి చేతిలోని ముడుపును పిడికిలి బిగించి పట్టుకుంది. ప్రార్థనలో. ప్రతి ప్రార్థనలో ఈ పేరు.

లేచే ఉన్న బానెట్ దగ్గరికి పోయాడు దానియేలు. అలవాటుగా లోపలికి తొంగి చూశాడు. ఖాళీగా ఉన్న కొక్కెం మీద ఆయన చూపు ఆగింది. తరువాత సుభాషిణి పిడికిలి మీద ఆగింది. బానెట్ దించి, రెండు చేతులతో అదిమి మూశాడు.

"ఇగో అన్నా, చాబీ," అని హరీష్ తాళంచెవి అందించాడు. అందిస్తూ సుభాషిణి వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపులో బతిమాలడం ఉంది, బెదిరింపు కూడా ఉంది.

సుభాషిణి వెనక తలుపు దగ్గరికి పోయి దాన్ని తెరిచింది.

"వదినె, దిగు," అంది. "ఈ బండిల పోవద్దు నువ్వు."

"ఎందుకు బిడ్డా?"

"సుభా, లోపలికి పో," అన్నాడు హరీష్.

ఆమె పోలేదు. "ఈ బండిల ఉన్నది మా తుఫాన్ ఇంజన్ వదినె. పరకాల రోడ్డు మీద సందీప్‌ను గుద్దింది గదే. నడిపింది ఈయన. నాకు ఇయ్యాల్నే తెల్సింది. ఒట్టు, ఇయ్యాల్నే."

రత్నమ్మ నోరు సగం తెరుచుకుని అలాగే ఉంది. హరీష్ నవ్వబోయాడు. "దీనికి పొద్దుట్నించి పానం బాగలేదన్నా, కక్కుకుంటాంది, ఏదేదో మాట్లాడ్తాంది."

"నాకు తెల్సు చెల్లె," అన్నాడు దానియేలు.

హరీష్ నవ్వు అక్కడే చచ్చింది.

"షెడ్డుల ఇంజన్ కడుగుతాంటే ఫ్యాను వెనక పట్టీల ఇరుక్కొని నంబర్ ప్లేట్ ముక్క దొరికింది. మావోని స్కూటీది. ఆ అంకెలు నేనే రాసిన, నా బ్రష్ గీత నాకు తెల్వదా." దానియేలు గొంతు పెంచలేదు. బండి రిపేరు గురించి చెబుతున్నట్టే చెప్పాడు. "తెలిసే బిగించిన. నేను చేయనంటే ఇంకోడు చేస్తడు, లేకుంటే తీస్కపోయి కరిగిపిస్తడు. బిగిస్తే ఈడనే ఉంటది, యాడికీ పోదు. ఒక్కో బోల్టు తిప్పుతాంటే నా చేతుల మీద నాకే అసహ్యమేసింది చెల్లె. అయినా బిగించిన. మెకానిక్ ఒక్కడే పోయి చెప్తే సేటు మీద ఎవలు నమ్ముతరు? ఈ ఇంట్ల ఒక్క మనిషన్న నోరు తెరుస్తదేమో చూద్దామని అప్పట్నించి చూస్తాన."

రత్నమ్మ మెల్లగా తల తిప్పి భర్తను చూసింది. "నీకు తెల్సా? ఇన్ని దినాలు నేను ఈయన కోసం చేతులు జోడించి ప్రార్థన చేస్తాంటే పక్కన్నే కూసున్నవ్. నాకెందుకు చెప్పలేదయ్యా?"

దానియేలు తల దించుకున్నాడు.

సుభాషిణి చేయి చాచింది, ఆమెను దింపడానికి. రత్నమ్మ ఆ చేతిని పట్టుకుంది గానీ దిగలేదు. పటాన్ని ఒడిలో సరిగ్గా పెట్టుకుంది.

"నేను దిగ," అంది. "ఎందుకు దిగాలె? బండి తీయ్. కూడికకు కాదు, ఠాణకు తీయ్. సుభాషిణీ, నువ్వు కూడ ఎక్కు. నాకు చెప్పిన మాట ఆడ చెప్పాలె నువ్వు."

సుభాషిణి ఒక్క క్షణం పూజను తలచుకుంది. తరువాత ముందు తలుపు తీసి ఎక్కింది. దానియేలు డ్రైవర్ సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ఇంజన్ ఒక్క ఉదుటున అందుకుంది, కిటికీ అద్దాలు గజగజలాడాయి, నల్లటి పొగ వాకిలంతా కమ్మింది.

పొగ పలచబడేసరికి ఎదురుగా హరీష్ కనబడ్డాడు. గేటుకు లోపలి నుంచి తాళం వేసి, దానికి వీపు ఆనించి, రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

"ఎట్ల పోతరో పోండ్రి," అన్నాడు.

దానియేలు మొదటి గేరు వేశాడు.